సాగర్ నీళ్లలో నత్రజని లెక్క కట్టడం ఎలా

డ్యామ్‌కు పైన ఒక సీసా, కింద ఒక సీసా పట్టి, రెండింట్లో నైట్రేట్ చూసి, "జలాశయం సగం నత్రజనిని మింగేసింది" అని రాసుకొచ్చిన ప్రాజెక్టు రిపోర్టులు నా చేతుల మీదుగా చాలా పోయాయి. మిర్యాలగూడలో డిగ్రీ పిల్లలకు 28 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. మొదట్లో ఆ రిపోర్టులకు నేనూ మార్కులు వేశాను. ఒక ఏడాది పిల్లలతో పాటు నేనే పుట్టి ఎక్కి సాగర్ మధ్యకు పోయాక గానీ అర్థం కాలేదు, ఆ రెండు సీసాల నడుమ ఎంత జరుగుతోందో. డ్యామ్ నత్రజనిని ఆపుతుంది, నిజమే. కానీ అంతకన్నా ఎక్కువగా దాని రూపం మార్చి పంపిస్తుంది. పైన నైట్రేట్‌గా వచ్చింది కింద అమ్మోనియాగా పోవచ్చు, నాచుగా పోవచ్చు, గాల్లో కలిసిపోవచ్చు, కాలువ పట్టుకుని మా పొలాలకే రావచ్చు. ఏ రూపంలో ఏ దారిన పోయిందో పట్టుకునే పద్ధతి చెబుతాను. నాకు బాగా తెలిసింది నాగార్జునసాగర్ కాబట్టి ఉదాహరణలు అక్కడివే. మీ దగ్గర ఏ జలాశయం ఉన్నా పద్ధతి ఇదే.

సీసా కొనే ముందు పేపరు చూడండి

వానాకాలం మొదలవగానే మన పేపర్లన్నీ జలాశయాల పట్టిక వేస్తాయి. నీటిమట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో క్యూసెక్కుల్లో. ఆ నాలుగు అంకెలను రోజూ నోటుబుక్కులో ఎక్కించండి. ఇవి లేకుండా మీరు చేసే ఏ నీటి పరీక్షకూ అర్థం ఉండదు.

సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఇప్పుడు లెక్కలోకి తీసుకునే నిల్వ 312 టీఎంసీలు. కట్టినప్పుడు 408 టీఎంసీలుండేది, తగ్గిందంతా పూడిక కిందికే పోయింది. ఆ పూడికలో ఆకులూ, పేడా, పొలాల పైమట్టీ మోసుకొచ్చిన నత్రజని కూడా ఉంది. డ్యామ్ నత్రజనిని ఆపే దారుల్లో కంటికి కనిపించేది అదే.

ఇప్పుడొక లెక్క. లక్ష క్యూసెక్కులు 24 గంటలు పారితే 8.64 టీఎంసీలు. ఆగస్టు వరదలో 3 లక్షల క్యూసెక్కులు వస్తూ అంతే పోతుంటే, నిండు సాగర్‌లోని నీళ్లంతా మారడానికి 12 రోజులు చాలు. అదే ఏప్రిల్‌లో నిల్వ 200 టీఎంసీలుండి, బయటికి 10,000 క్యూసెక్కులే పోతున్నాయనుకోండి, 230 రోజులు పడుతుంది. నాచు పెరగాలన్నా, బురదలోని బాక్టీరియా నైట్రేట్‌ను విరగ్గొట్టాలన్నా టైము కావాలి. 12 రోజుల్లో జరగని పని 230 రోజుల్లో జరుగుతుంది. అందుకే వరదలో పట్టిన సీసాకూ ఎండాకాలం పట్టిన సీసాకూ పోలిక పెట్టకండి. ఆ రెండు నెలల్లో అవి రెండు వేర్వేరు జలాశయాలు.

లోపల ఏం జరుగుతుంది

నది పారుతున్నంతసేపు మట్టినీళ్లలోకి వెలుతురు దిగదు. జలాశయంలో నీళ్లు ఆగగానే మట్టి కిందికి దిగి, పైనీళ్లు తేటపడతాయి. వెలుతురు పడగానే నాచు లేస్తుంది. అది నైట్రేట్‌నూ అమ్మోనియానూ లాక్కుని ఒళ్లు పెంచుకుంటుంది. చచ్చాక అడుగుకు పోతుంది. అక్కడ అది కుళ్లుతూ ఆక్సిజన్ తినేస్తుంది, మళ్లీ అమ్మోనియాను వదులుతుంది. ఎండాకాలం పైన వెచ్చటి నీళ్లు తేలికై తేలుతుంటాయి, కింద చల్లటి నీళ్లు బరువుగా ఉండిపోతాయి. రెండూ కలవవు. దాంతో అడుగు పొరకు కొత్త ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ లేని చోట కొన్ని బాక్టీరియా ఊపిరి కోసం నైట్రేట్‌ను వాడుకుంటాయి. నైట్రేట్ నైట్రైట్ అవుతుంది, తర్వాత నైట్రస్ ఆక్సైడ్, ఆఖరికి మామూలు నత్రజని వాయువై బుడగలుగా పోతుంది. మధ్యలో తప్పించుకునే నైట్రస్ ఆక్సైడ్ చిన్న విషయం కాదు. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు వేడి పట్టే వాయువది.

దీనికి ఎదురు దారి కూడా ఉంది. భాస్వరం దండిగా ఉండి నత్రజని తక్కువైతే, కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు గాలిలోని నత్రజనిని దించుకుని నీళ్లలో కలుపుతాయి. అనబినా అలాంటిదే. మైక్రోస్కోప్ కింద పూసల దండలా కనిపిస్తుంది. ఆ దండలో అక్కడక్కడ ఒక పూస మిగతావాటికన్నా కాస్త పెద్దగా, రంగు లేకుండా, గాజుపూసలా మెరుస్తుంది. హెటిరోసిస్ట్ అంటే అదే, నత్రజని దించుకునే గది. ఆ గాజుపూస కనిపించిందంటే జలాశయం నత్రజనిని పోగొట్టడమే కాదు, సంపాదించుకుంటోంది కూడా అని నోటుబుక్కులో రాయండి.

సంచిలో ఏముండాలి

అర లీటరు ప్లాస్టిక్ సీసాలు, ఆక్సిజన్ పరీక్షకు వాడే, గాజు బిరడా ఉన్న 300 మి.లీ. బీఓడీ సీసాలు, థర్మామీటరు, సిరంజికి తగిలించే 0.45 మైక్రాన్ ఫిల్టర్లు, ఆక్సిజన్ కోసం వింక్లర్ ద్రావణాలు (మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అజైడ్), చుక్కల సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, చేతి తొడుగులు, ఐసు పెట్టె. ఐసు కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు, చేపల బండి దగ్గర దొరుకుతుంది.

ఐసు మర్చిపోవద్దని ఊరికే చెప్పడం లేదు. మొదటి ఏడాది మేం 16 సీసాలు పట్టి, జీపు వెనకాల ఎండలో పెట్టుకుని, దారిలో భోజనం చేసి, సాయంత్రానికి ల్యాబ్‌కు చేరాం. పడవలో కిట్‌తో చూసినప్పుడు అమ్మోనియా ఉన్న సీసాల్లో, ల్యాబ్‌లో చూస్తే దాని జాడ లేదు. సీసాలోని బాక్టీరియాకు, నాచుకు మన ప్రయాణం తెలియదు కదా, వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ రోజు పట్టిన సీసాలన్నీ పారబోశాం. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాం. ఒక్కో చోట మూడు సీసాలు. మొదటిది వడకట్టి నైట్రేట్, నైట్రైట్‌లకు, వెంటనే ఐసులోకి, 48 గంటల్లోపు పరీక్ష. రెండోది వడకట్టి అమ్మోనియాకు, పీహెచ్ 2 కన్నా తగ్గేదాకా ఆమ్లం చుక్కలు, ఐసు. మూడోది వడకట్టకుండా మొత్తం నత్రజనికి, దీనికీ ఆమ్లం. ఆ మూడోదాన్ని డైజెషన్, అంటే నమూనాను మందులతో ఉడికించి విరగ్గొట్టే సదుపాయం ఉన్న ల్యాబ్‌కు ఇవ్వాలి. మొత్తంలోంచి నైట్రేట్, నైట్రైట్, అమ్మోనియా తీసేస్తే మిగిలేది నాచులో, కుళ్లిన పదార్థంలో ఉన్న నత్రజని. ఈ మూడో సీసా వదిలేస్తే నాచుగా మారిన నత్రజని అంతా "మాయమైంది" అని రాసేస్తారు.

అమ్మోనియాకు నెస్లర్ ద్రావణం వాడకండి. అందులో పాదరసం ఉంటుంది. నది బాగోగుల కోసం పోయి పాదరసం పారబోయడం మనసొప్పే పని కాదు. శాలిసిలేట్ పద్ధతి కిట్లు దొరుకుతాయి, రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. నైట్రైట్‌కు వేరే కిట్, అందులో నైట్రైట్ ఉంటే గులాబీ రంగు వస్తుంది.

లోతు నీళ్లు తీయడానికి కాలేజీ జువాలజీ విభాగంలో శాంప్లర్ ఉంటే అడగండి. లేకపోతే ఇలా చేయండి: మందపాటి గాజు సీసాకు వలలకు కట్టే సీసం గుళ్లు చుట్టి, మెడకు తాడు కట్టండి. మూతిలో రబ్బరు బిరడా బిగించి, దానికి వేరే దారం కట్టండి. తాడు మీద మీటరుకొక రంగు గుర్తు వేయండి. కావాల్సిన లోతుకు దించి బిరడా దారాన్ని ఒక్క గుంజు గుంజితే నీళ్లు లోపలికి పోతూ బుడగలు పైకొస్తాయి. బుడగలు ఆగాక పైకి లాగండి. ఈ సీసాకు ఒక లోపం ఉంది. నీళ్లు గాలిని తోసుకుంటూ దిగుతాయి కాబట్టి ఆక్సిజన్ ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుంది. కానీ తక్కువ చూపించదు. కాబట్టి అడుగున ఆక్సిజన్ లేదని ఇది చెబితే ఆ మాట నమ్మొచ్చు.

ఎక్కడ ముంచాలి

సాగర్‌కు వచ్చే నీళ్ల కోసం శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర. అది మామూలు నది నీరు కాదని గుర్తుంచుకోండి, అప్పటికే ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటి వచ్చిన నీరు. తర్వాత జలాశయంలో, డ్యామ్‌కు బాగా ఎడంగా లోతున్న చోట: పైన, తర్వాత ప్రతి 5 మీటర్లకు, ఆఖరికి అడుగుకు ఒక మీటరు పైన. తర్వాత డ్యామ్ దిగువన. చివరగా, మూసీ వచ్చి కలిసే వాడపల్లి.

డ్యామ్ దిగువన ముంచేటప్పుడు ఆ గంటలో నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తప్పకుండా రాయండి. 26 క్రస్ట్ గేట్లలో కొన్ని ఎత్తి ఉంటే వచ్చేది పైపొర నీరు, అదీ కిందపడి నురగెత్తి ఆక్సిజన్ నింపుకున్న నీరు. పవర్‌హౌస్ ఒక్కటే నడుస్తుంటే వచ్చేది లోతు నీరు. ఒకే రోజు, ఒకే చోట ఈ రెండూ వేర్వేరు ఫలితాలిస్తాయి. సాగర్‌లో తిరగేసి తోడే యంత్రాలు కూడా ఉన్నాయి, దిగువ నీళ్లను మళ్లీ పైకి ఎక్కిస్తాయి. ఆ పని నడుస్తుంటే ఆ విషయమూ రాయండి.

డ్యామ్ ఆవరణ కాపలా ఉండే చోటు. ప్రాజెక్టు అధికారులకు కాలేజీ లెటర్‌హెడ్ మీద ముందే రాసి అనుమతి తీసుకోండి. నది గర్భంలోకి మాత్రం అనుమతి ఉన్నా దిగొద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యామ్ నీళ్లు వదిలితే, దిగువన బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడిన 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పిల్లలను తీసుకుపోయిన ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు. వంతెన మీది నుంచి బకెట్టుకు తాడు కట్టి దించండి. సైరన్ వినబడితే సీసాలు వదిలేసి గట్టెక్కండి.

పుట్టిలో ఒక పొద్దున

ఏప్రిల్ ఆఖరులో, తెల్లవారి అయిదున్నరకు బయల్దేరాం. గాలి లేవకముందే పోవాలి, లేకపోతే తాడు నిలువుగా దిగదు, లోతు తప్పొస్తుంది. మా పుట్టి నడిపిన పెద్దాయన మా సరంజామా అంతా చూసి, "ఎండాకాలం అడుగుకు వల దించితే లాభం లేదమ్మా, చేప అక్కడుండదు. దానికి ఊపిరాడదు," అన్నాడు. నేను క్లాసులో ముప్పావు గంట చెప్పే పాఠం అది.

ముందు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడటానికి తెలుపు నలుపు పళ్లెం దించాం. 20 సెంటీమీటర్ల స్టీలు మూతకు నాలుగు భాగాలుగా రంగు వేస్తే చాలు, అది కనబడకుండా పోయే లోతు రాసుకోవాలి. తర్వాత పైనీళ్లు ఒక బీఓడీ సీసాలో, అడుగు నీళ్లు ఇంకో దాంట్లో నింపాం. రెండింట్లో మాంగనస్ సల్ఫేట్ ఒక మిల్లీలీటరు, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ ఒక మిల్లీలీటరు వేసి, బుడగ లేకుండా బిరడా పెట్టి తిప్పాం. పైనీళ్ల సీసాలో ముద్ద ముద్దగా చిక్కటి గోధుమ రంగు మడ్డి దిగింది, తేగల రంగులో. అడుగు నీళ్ల సీసాలో దిగిన మడ్డి పాలిపోయి, గంజి తేటలో కాస్త టీ కలిపినట్టుంది. ఆ గోధుమ రంగు ఆక్సిజన్‌ది. రంగే లేకుండా తెల్లగా దిగితే ఆక్సిజన్ అసలు లేదని అర్థం. సంఖ్య కోసం తర్వాత ఆమ్లం వేసి, గంజి చుక్క కలిపి, నీలం రంగు పోయేదాకా థయోసల్ఫేట్‌ను చుక్క చుక్కగా కొలిచి పోస్తూ టైట్రేట్ చేయాలి. కానీ ఆ రెండు సీసాలు పక్కపక్కన పట్టుకున్న అమ్మాయికి ఆ సంఖ్య అవసరం లేకపోయింది. "మేడమ్, కింద ఉన్నది వేరే నీళ్లు," అంది.

అలాంటి పాలిపోయిన సీసా వచ్చిన లోతులో అమ్మోనియా, నైట్రైట్ తప్పక చూడండి. అక్కడ నైట్రేట్ పైకన్నా తక్కువగా ఉండి అమ్మోనియా తక్కువే ఉంటే, నైట్రేట్ వాయువై పోతోందనడానికి అది బలమైన గుర్తు. నైట్రేట్ తక్కువ, అమ్మోనియా ఎక్కువ అయితే, అడుగు బురద నత్రజనిని తిరిగి పైకి వదులుతోంది. పవర్‌హౌస్ ఆ పొరను లాగితే ఆ అమ్మోనియా నదిలోకి పోతుంది. అక్కడ అది మళ్లీ నైట్రేట్ అయ్యేటప్పుడు ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి దాదాపు 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. నష్టపోయేది దిగువ చేపలు.

లెక్క

ముందు యూనిట్లు. కొన్ని కిట్లు నైట్రేట్‌గా చూపిస్తాయి, కొన్ని నైట్రేట్‌లోని నత్రజనిగా. మొదటిదాన్ని 4.43తో భాగిస్తే రెండోది వస్తుంది. మన తాగునీటి ప్రమాణం నైట్రేట్‌గా లీటరుకు 45 మి.గ్రా. అంటే నత్రజనిగా దాదాపు 10 మి.గ్రా. రెండు రకాల కిట్లు కలిపి వాడి నాలుగు రెట్లు తేడా తెచ్చుకున్న రిపోర్టులు చూశాను.

ఇక సూత్రం: క్యూసెక్కులు × లీటరుకు మిల్లీగ్రాములు × 2.45 = రోజుకు కిలోలు. నిల్వకు: 1 టీఎంసీలో లీటరుకు 1 మి.గ్రా. నత్రజని ఉంటే 28.3 టన్నులు. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది కాబట్టి, అది దాదాపు 1,370 బస్తాలు. ఈ మాట చెబితే రైతుబిడ్డలైన మా పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

ఊహించుకున్న ఒక రోజు తీసుకుందాం. ఇన్‌ఫ్లో 60,000 క్యూసెక్కులు, మొత్తం నత్రజని 1.2 మి.గ్రా. లోపలికి వచ్చింది 176 టన్నులు. బయటికి పవర్‌హౌస్ నుంచి నదిలోకి 26,000, ఎడమ కాలువకు 8,000, కుడి కాలువకు 8,000, పుట్టంగండి ఎత్తిపోతలకు 2,000. అన్నింట్లో 0.9 మి.గ్రా. అనుకుందాం. నది ఒక్కదాన్నే చూస్తే పోయింది 57 టన్నులు, కాబట్టి 119 టన్నులు మాయం. మొదట్లో చెప్పిన రిపోర్టులన్నీ ఇక్కడే తప్పుదారి పట్టాయి. కాలువలూ ఎత్తిపోతలూ కలిపితే పోయింది 97 టన్నులు. మిగిలిన 16,000 క్యూసెక్కులు జలాశయంలో చేరాయి, అంటే 1.38 టీఎంసీలు, దాంట్లో 35 టన్నులు. నిజంగా జవాబు చెప్పాల్సింది 44 టన్నులకే.

ఆ 44 కూడా ఒక్క రోజు లెక్కలో నిలబడదు. 300 టీఎంసీల నిల్వలో సాంద్రత 0.1 మి.గ్రా. మారితే 849 టన్నులు తేడా వస్తుంది, మన ఉదాహరణలో దాదాపు అయిదు రోజుల ఇన్‌ఫ్లో మోసుకొచ్చేంత. 0.1 అంటే చాలా కిట్ల పొరపాటు పరిధి. అందుకే జూన్ నుంచి మే దాకా నీటి సంవత్సరమంతా, వరదలో వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి కొలిచి కలపండి. నది తోవకన్నా కాలువ తోవ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఎడమ కాలువ కింద మా నాన్న యూరియా చల్లుతున్నప్పుడు, కాలువ నీళ్లతో కూడా కొంత నత్రజని వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పడవ దొరకనివాళ్లకు

జలాశయం అంచు బురద, అక్కడి నీళ్లు తెచ్చుకోండి. నాలుగు సీసాలు తీసుకోండి. రెండింట్లో నాలుగు వేళ్ల ఎత్తున బురద, రెండింట్లో నీళ్లు మాత్రమే. అన్నింట్లో ఒకే మోతాదు పొటాషియం నైట్రేట్ కలపండి. ఒక బురద సీసాను, ఒక నీళ్ల సీసాను అంచుదాకా నింపి మూసి చీకట్లో పెట్టండి. మిగిలిన రెండింట్లో అక్వేరియం పంపుతో గాలి ఆడించండి. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు నైట్రేట్, అమ్మోనియా చూడండి. తీసిన నీళ్లంత అదే జలాశయం నీళ్లు మళ్లీ పోసి, ఆ సంగతి రాయండి. మూసిన బురద సీసాలో నైట్రేట్ పడిపోవడం పిల్లలు కళ్లారా చూస్తారు. జలాశయం అడుగున జరిగేది అదే పని.

వాడపల్లి

సాగర్ దిగువన వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్ మురుగు మోసుకుని, కత్వలు (చిన్న ఆనకట్టలు) దాటి, వరి పొలాల్లోకి పోయి మళ్లీ వచ్చిన నీళ్లవి. ఇక్కడ మూడు చోట్ల ముంచాలి: కలవకముందు మూసీలో, కలవకముందు కృష్ణలో, కలిశాక దిగువన. కలిసిన చోటే ముంచితే తప్పు. రెండు నీళ్లు చాలా దూరం పక్కపక్కనే పారతాయి, రంగు తేడా ఒడ్డు నుంచే కనబడుతుంది. దిగువన ఈ దరి, నడుమ, ఆ దరి విడివిడిగా పట్టండి. ఈ నీళ్లు పోయి ఆగేది 45.77 టీఎంసీల పులిచింతలలో. సాగర్ పైపొరలో నత్రజనిని నాచు తినేసి పంపిన నీళ్లకు ఇక్కడ కొత్త సరుకు చేరుతుంది. కాబట్టి సాగర్ చేసిన మేలునో కీడునో పులిచింతల దగ్గర కొలవకండి, అది మూసీ లెక్క.

ఏడాదికి రెండుసార్లే వీలయితే సెప్టెంబరులో ఒకసారి, ఏప్రిల్ ఆఖరున ఒకసారి పొండి. మూడోసారి కుదిరితే జనవరి ఎంచుకోండి. చలికి పైనీళ్లు బరువెక్కి దిగుతాయి, జలాశయం అడుగుదాకా కలుస్తుంది. అప్పుడు అదే పుట్టిలో, అదే చోట, అవే రెండు సీసాల్లో మందు వేసి తిప్పండి. రెండూ తేగల రంగులోకే తిరిగితే, అడుగుకు గాలి అందింది.